స్కూల్ కమిటీ ఛైర్మన్ పదవి: రెండేళ్లు వాడాక నా రివ్యూ

మిక్సీ కొనేముందు పది రివ్యూలు చదివే వాళ్ళం, పిల్లల బడి కమిటీకి మాత్రం ఏమీ కనుక్కోకుండానే చెయ్యెత్తేస్తాం. లేదంటే మనకెందుకులే అని ఇంట్లో కూర్చుంటాం. ఇప్పుడున్న కమిటీలు 2024 ఆగస్టు 8న ఎన్నికైనవి. గడువు రెండేళ్లు, అంటే అయిపోవచ్చింది. ఈసారి నిలబడదామా అని మా వీధిలో ఇద్దరు ముగ్గురు తల్లులు జాకెట్ కొలతలివ్వడానికి వచ్చి అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ మిషన్ ఆపి చెప్పేకంటే ఇక్కడ రాసేస్తే పోతుందనుకున్నాను.

మాది ప్రకాశం జిల్లా టంగుటూరు మండలం. ఊరి పేరు రాయను, రాస్తే మా హెడ్మాస్టర్ గారికి, నాకూ ఇద్దరికీ ఇబ్బంది. నేను ఇంట్లో టైలరింగ్ చేస్తాను. మా పాప జిల్లా పరిషత్ హైస్కూల్లో చదువుతోంది. అది ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఆ తరగతి తల్లిదండ్రుల తరఫున కమిటీలోకి వెళ్ళి ఛైర్మన్‌నయ్యాను. ఎందుకు నన్నే అంటే ఊళ్ళో రెండు వర్గాల వాళ్ళకీ జాకెట్లు కుట్టేది నేనే. వాళ్ళ మనిషిని వీళ్ళు ఒప్పుకోరు, వీళ్ళ మనిషిని వాళ్ళు ఒప్పుకోరు. చివరికి నా పేరు మీద రాజీ పడ్డారు. ఇందులో నా గొప్పేమీ లేదు.

ముందు అసలు ఈ కమిటీ ఏందో చెప్తాను. పెద్దవాళ్ళు ఇప్పటికీ విద్యా కమిటీ అనే అంటారు, 1998లో వచ్చిన చట్టం నాటి అలవాటు అది. మొన్నటిదాకా తల్లిదండ్రుల కమిటీ అన్నారు. కాగితాల మీద స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ, అందరి నోట్లో ఎస్ఎంసీ. విద్యా హక్కు చట్టంలో 21వ సెక్షన్ దీని గురించే. నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళుండాలి అని అందులో ఉంది. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకుంటారు. ఆ ముగ్గురిలో ఇద్దరు తల్లులుండాలి. ఆరు నుంచి పది దాకా ఉన్న హైస్కూలైతే పదిహేను మంది అవుతారు. వాళ్ళలోంచే ఛైర్మన్, వైస్ ఛైర్మన్. హెడ్మాస్టర్ కన్వీనర్‌గా ఉంటారు. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు స్కూళ్ళకి ఈ కమిటీ లేదు, కాబట్టి పిల్లల్ని ఒంగోలు కాన్వెంట్లకి బస్సెక్కించే వాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు.

ఎన్నిక రోజు గురించి కొంచెం చెప్పాలి. ఓటర్ల జాబితా ముందే బడి గోడకి అంటిస్తారు. మీ పేరు ఉందో లేదో, ఏ తరగతి కింద ఉందో ఆ రోజే వెళ్ళి చూసుకోండి. అభ్యంతరాలకి గడువు చాలా తక్కువ. తరగతిలో సగం మంది తల్లిదండ్రులైనా రాకపోతే ఆ తరగతికి ఎన్నిక జరగదు. మన వైపు కూలికి పోయేవాళ్ళు ఏడింటికల్లా ఆటో ఎక్కేస్తారు కదా, అందుకని ముందు రోజు రాత్రే ఇంటింటికీ వెళ్ళి ‘పొద్దున్నే వచ్చి పొండి’ అని చెప్పుకోవాలి. ప్రచారమంటే అదే, ఇంకేం లేదు. పాంప్లెట్లు, మైకులు అక్కర్లేదు.

ఓటు సాధారణంగా చేతులెత్తడమే. గొడవ వస్తేనే రహస్య ఓటు పెడతారు. ఇక్కడ ఒక కిటుకుంది. పార్టీల వాళ్ళు ముందు రోజే పేర్లు రాసిన చీటీ తెచ్చి ‘ఏకగ్రీవం చేసేద్దాం, ఊరికి మంచిది’ అంటారు. పార్టీ గుర్తుల మీద జరిగే ఎన్నిక కాదిది, అయినా ఈ చీటీ మాత్రం ఆగదు. అప్పిచ్చిన ఆసామి ఎదురుగా నిలబడి ఉంటే ఎవరు చెయ్యెత్తుతారు? మీకు నిజంగా పోటీ చెయ్యాలనుంటే ఆ తరగతి తల్లులు నలుగురైదుగురు కలిసి రహస్య ఓటు కావాలని గట్టిగా అడగండి. మా ఎనిమిదో తరగతిలో అట్టాగే అడిగాం. చీటీలు రాయించారు, పావుగంటలో అయిపోయింది.

ఇక సరుకు సంగతి. ఈ పదవిలో మీకు ఏం రాదో ముందు చెప్తాను, ఎందుకంటే ఎక్కువ మంది దాని కోసమే నిలబడతారు. జీతం రాదు, గౌరవ వేతనమూ లేదు. టీచర్‌ని బదిలీ చేయించలేరు, కొత్త టీచర్‌ని వేయించలేరు. లెక్కల సార్ పోస్టు ఖాళీగా ఉంటే తీర్మానం రాసి మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకి, జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసుకి పంపగలరు, అంతే. మార్కులు తక్కువ వస్తున్నాయని మీరు సార్‌ని కూర్చోబెట్టి అడిగితే ఆయన మర్యాదగా వింటాడు, రేపు మళ్ళీ అదే పాఠం అట్టాగే చెప్తాడు.

టెక్సాస్‌లో ఉండే మా బావ ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి వచ్చింది. వాళ్ళ కాలనీలో మనవాళ్ళే ఒకరు స్కూల్ బోర్డుకి నిలబడ్డారంట. అక్కడ బోర్డు బడ్జెట్ పాస్ చేస్తుంది, పన్ను రేటు పెడుతుంది, మొత్తం స్కూళ్ళ మీద సూపరింటెండెంట్‌ని తనే పెట్టుకుంటుంది. మీటింగులు అందరూ చూస్తుండగా జరగాలి. బడిలో పిల్లలు లేని వాళ్ళు కూడా పోటీ చెయ్యొచ్చు. జీతం మాత్రం అక్కడా లేదు. ‘మరి మీ కమిటీకి ఏం పవరుంది?’ అని నవ్వాడు బావ. ‘చెక్కు మీద సంతకం ఉంది బావా’ అన్నాను.

ఆ సంతకమే అసలు విషయం. కమిటీ ఖాతాలో డబ్బు ఖర్చు పెట్టాలంటే హెడ్మాస్టర్‌తో పాటు ఛైర్మన్ సంతకం కావాలి. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం నుంచి బడికి వచ్చే గ్రాంటుకి ఒక లెక్కుంది. పిల్లలు 30 లోపు ఉంటే 10 వేలు, 100 దాకా 25 వేలు, 250 దాకా 50 వేలు, 1000 దాకా 75 వేలు, ఆ పైన లక్ష. అందులో కనీసం పదోవంతు శుభ్రతకి వాడాలి. చాక్‌పీసులు, కరెంటు బిల్లు, కుళాయి రిపేర్లు అన్నీ ఇందులోంచే. పెద్ద మొత్తం కాదు, కానీ ఏ కాగితం మీద సంతకం పెడుతున్నారో చదవకుండా పెట్టేంత చిన్నదీ కాదు.

నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే. బిల్లు, తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం మూడూ పక్కపక్కన పెడితేనే సంతకం. తీర్మానంలో రాయని ఖర్చుకి బిల్లు వస్తే, ముందు మీటింగ్ పెట్టండి సార్ అంటాను. మొదట్లో హెడ్మాస్టర్ గారు నొచ్చుకున్నారు. ఆడిట్ వాళ్ళు వచ్చి పోయాక ఆయనే ‘అమ్మా, ఆ మూడు పుస్తకాలు తెప్పిస్తానుండండి’ అనడం మొదలుపెట్టారు. ఇంకో మాట, మీటింగ్ జరగకముందే ఖాళీ పేజీ కింద ‘అందరూ సంతకాలు పెట్టండమ్మా, మ్యాటర్ తర్వాత రాసుకుంటాం’ అంటారు. ఏ కమిటీలోనైనా అడుగుతారు. పెట్టకండి.

మన జిల్లా వాళ్ళకి ఇది కొత్తేం కాదు. సర్కారు బడులు బాగుచేసే నాడు-నేడు పథకం మొదలైందే 2019 నవంబర్ 14న ఒంగోలు పీవీఆర్ స్కూల్లో. ఆ పనులన్నీ తల్లిదండ్రుల కమిటీల ఖాతాల్లోంచే నడిచాయి. మరుగుదొడ్లు, మంచినీళ్ళు, ఫ్యాన్లు, బెంచీలు, రంగులు, ప్రహరీ గోడలు. సిమెంటు బస్తాల లెక్కలు రాసిన తల్లులు మా మండలంలో ఉన్నారు. ఆ లెక్కలు తెలిసిన వాళ్ళెవరైనా మీ ఊళ్ళో ఉంటే నిలబడే ముందు ఒకసారి వాళ్ళ దగ్గర కూర్చోండి. పాత కమిటీ వదిలేసిన సగం పనులేమన్నా ఉంటే, వాటి జవాబు కూడా మీ నెత్తినే పడుతుంది.

బడికెళ్ళే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు 2025లో పడ్డప్పుడు మా ఇంటి ముందు జాతరే. 15 వేలలో 13 వేలు తల్లి ఖాతాలో వేసి, 2 వేలు బడి నిర్వహణకి, మరుగుదొడ్లకి పట్టుకున్నారు. ‘నా రెండు వేలు యాడికి పోయినయ్యి?’ అని నన్నే అడిగారు, నేనేదో పెట్టెలో దాచినట్టు. ఆయా జీతం, ఫినాయిలు, బ్రష్షులు అని చెప్పుకోవాలి. ఇట్టాంటివాటికి ఓపిక లేకపోతే మెంబరుగా ఉండండి చాలు, ఛైర్మన్ జోలికి పోకండి.

నాకు బాగా నచ్చింది వంటగది. మధ్యాహ్న భోజనం చూసే బాధ్యత కమిటీకి ఉంది, అక్కడ మాత్రం మన మాటకి విలువ ఉంటుంది. పన్నెండింటికి కాదు, పదిన్నరకి వెళ్ళండి. వడ్డించేటప్పుడు వెళ్తే అంతా బాగానే కనిపిస్తుంది. ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లకి 150 గ్రాముల బియ్యం లెక్క. 100 మందికి 15 కిలోలు. ఇప్పుడు 25 కిలోల సంచుల్లో సన్నబియ్యం వస్తున్నాయి కాబట్టి కళ్ళతోనే లెక్క కట్టొచ్చు. మా వంటక్క బియ్యం తూకం వెయ్యదు, ఒక పాత నూనె డబ్బాతో కొలుస్తుంది. ఒకరోజు ఆ డబ్బాని కొట్టు కాటా మీద పెట్టించాను. ఆమె చెప్పిన దానికంటే ఎక్కువే పట్టింది! పిల్లలకి తగ్గడం లేదు సరికదా, నెలాఖరుకి బియ్యం ఎందుకు చాలడం లేదో కూడా అప్పుడే తెలిసింది. మరుసటి రోజు డబ్బాకి లోపల మేకుతో గీత గీయించాం.

గుడ్లు ట్రేల్లో వస్తాయి, పైన రంగు ముద్ర ఉంటుంది. ఆ రంగు చూసి ఏ విడతవో తెలుసుకోవచ్చు. రాగి జావ రోజు గరిటెతో పైకెత్తి పోసి చూడండి. నీళ్ళలా జారితే అడగండి. అడిగేటప్పుడు మాత్రం పోలీసులా అడగకండి. వంట చేసే ఆమెకి నెలకి ఇచ్చేది 3 వేలు. బిల్లు ఆలస్యమైతే కూరగాయల కొట్టులో అప్పు పెట్టేది ఆమే. నేను వెళ్ళి ‘అక్కా, ఉల్లిపాయలు తరగనా’ అని కూర్చుంటే ఆమె నాకు చెప్పిన సంగతులు ఏ రిజిస్టర్‌లోనూ లేవు. ఏ రోజు పిల్లలు గుడ్డు తినకుండా జేబులో పెట్టుకుని పోతున్నారు, హాజరు ఎంత వేశారు, పళ్ళేలు ఎన్ని లేచాయి, అన్నీ ఆమెకి తెలుసు.

ఇష్టం లేనిది మీటింగ్. మొదటి మీటింగ్‌కి వెళ్తే కుర్చీల్లో మగవాళ్ళు, వరండాలో ఆడవాళ్ళు. ఎన్నికైంది ఆడవాళ్ళు, కూర్చుంది వాళ్ళ భర్తలు. ‘మీ ఆయన్ని కూడా పంపించమ్మా, సంతకాలు తర్వాత పెట్టొచ్చు’ అని ఒక పెద్దాయన సలహా. ‘ఆయన బేల్దారి పనికి పోయినాడు సార్, నేనే ఉంటాను’ అని వెళ్ళి కూర్చున్నాను. ఆ తర్వాత మిగతా తల్లులు కూడా ఒక్కొక్కరే లోపలికొచ్చారు. ఇప్పటికీ ఇద్దరు మెంబర్ల బదులు భర్తలే వస్తారు. నోటీసు మెంబరు పేరు మీదే పంపండని, రిజిస్టర్‌లో వచ్చిన మనిషి పేరే రాయండని చెప్పాను. కొంత మారింది.

మెగా పేరెంట్స్ మీటింగ్ రోజు సందడి వేరు. 2024 డిసెంబర్ 7న మొదటిది జరిగింది. ముగ్గుల పోటీలు, తాళ్ళు లాగే పోటీలు, ఫొటోలు. స్టేజీ మీద మీకో కుర్చీ ఉంటుంది, పట్టు చీర కట్టుకోవచ్చు. ఆ ఒక్కరోజు చూసి మురిసిపోయి నిలబడేరు సుమా! మిగతా రోజుల్లో పొద్దున మిషన్ ఎక్కబోతుంటే ‘అక్కా, బాత్రూంలో నీళ్ళు రావట్లేదంట’ అని పిల్లలొస్తారు.

శిక్షణ సంగతి అడక్కండి. ఒకపూట కూర్చోబెట్టి ఎవరో చదివారు, మేం టీ తాగాం. బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది కమిటీయేనని చట్టంలో ఉంది, మూడేళ్ళకి. అది అక్కడ ఎవరూ చెప్పలేదు. మా పాప సాంఘిక శాస్త్రం చెప్పే టీచరమ్మ చెప్పింది. ఎన్నికవ్వగానే పాత ప్లాను అడిగి తీసుకోండి. లేదంటారు. బీరువా తియ్యమనండి, ఉంటుంది.

స్టార్ల లెక్కలో వంటగదికి ఐదుకి ఐదు, సంతకానికి నాలుగు, మీటింగులకి రెండు, శిక్షణకి ఒకటి, అదీ టీ బాగుందని. టీచర్ల మీద పెత్తనం కోసం వచ్చేవాళ్ళకి సున్నా.

పదో తరగతి పిల్లల తల్లులకి చివరిగా ఒక ముక్క. పిల్ల బడి వదిలితే మీ సభ్యత్వం పోతుంది. కమిటీ గడువు రెండేళ్లైనా మీకు దక్కేది ఏడాది లోపే, మళ్ళీ ఆ ఖాళీ నింపుకోవాలి. అందుకని ఆరో తరగతి, ఏడో తరగతి వాళ్ళు ఛైర్మన్‌గా ఉంటే బడికి సుఖం. మా పాప ఇప్పుడు పదిలోకి వచ్చింది, నేను నిలబడటం లేదు. ఆరో తరగతిలో మా వీధి చివర ఇడ్లీ కొట్టు అమ్మాయి ఉంది. లెక్కలు బాగా చూస్తుంది, మొహమాటం తక్కువ. ఆమె పేరు జాబితాలో పడిందో లేదో చూడమని రేపు పంపిస్తున్నాను.