పూర్వసూచన: ముందు నిర్వచనమా, ముందు కథా?

జరగబోయేదాన్ని రచయిత ముందే చూచాయగా చెప్పడమే పూర్వసూచన (ఫోర్‌షాడోయింగ్) అని బోర్డు మీద రాసి మొదలుపెడితే పాఠం త్వరగా అయిపోతుంది. పరీక్షకు ఐదు రోజులే ఉంటే అదే నయం.

నాకు మాత్రం కథ ముందు చదివించడమే ఇష్టం. భారతంలో కర్ణుడి సంగతే చూడండి. యుద్ధంలో అతని రథచక్రం నేలలో దిగబడేదాకా చదివించి, "ఇలా అవుతుందని ముందే ఎక్కడైనా చెప్పారా?" అని అడిగి ఆగాలి. పిల్లలు పేజీలు వెనక్కి తిప్పుతారు. కర్ణుడి బాణం తగిలి గోవు చనిపోయినందుకు, యుద్ధంలో నీ రథచక్రం దిగబడుతుందని బ్రాహ్మణుడు ఇచ్చిన శాపం దగ్గర ఎవరో ఒకరు "సార్, ఇదిగో!" అని అరుస్తారు. పొరపాటున వదిలిన ఒక్క బాణం ఇంత దూరం వచ్చిందా అని ఆశ్చర్యపోతారు. దీనికి ఇంకో పీరియడ్ పడుతుంది, నిజమే. కానీ ఆ వెతుకులాట పిల్లలదే. నిర్వచనం కూడా అప్పుడు వాళ్లచేతే చెప్పించవచ్చు.