జాగ్రత్త: మెమరీ కార్డు చెడిపోయిందని చూపించడానికి వెళ్తే, ఉన్న ఫోటోలు కూడా తుడిచి పంపే దుకాణం

దుకాణం పేరు రాయను. రాజమండ్రిలో కెమెరా సామాను కొనుక్కునే మన గోదావరి జిల్లాల వాళ్లలో ఆ మెట్లు ఎక్కనివారు తక్కువ కనుక, ఎవరి గురించి రాస్తున్నానో చాలామందికి రెండో పేరాలోనే తెలిసిపోతుంది.

సంక్రాంతికి ముందు అక్కడ 128 జీబీ ఎస్‌డీ కార్డు ఒకటి కొన్నాను. పేరున్న కంపెనీ ముద్ర, ప్లాస్టిక్ ప్యాకింగు, వెనుక బార్‌కోడు అన్నీ సలక్షణంగా ఉన్నాయి. ధర మాత్రం 900 రూపాయలు. ఇంత తక్కువకు ఎలా వస్తోందని దుకాణదారును అడిగితే "పండగ ఆఫరండి" అన్నాడు. బిల్లు అడిగితే "మనలో మనకి బిల్లేంటండీ, నేనెక్కడికి పోతాను, ఇక్కడే ఉంటాను కదా" అన్నాడు. ఉన్నాడు. ఆయన చెప్పినవాటిలో ఆ ఒక్క మాటే నిజమైంది.

కనుమ నాడు ఆ కార్డుతోనే జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాను. తెల్లవారకముందు మా వైపు ఊళ్లో ప్రభను, అంటే దేవుడి కోసం వెదురుతో కట్టే ఎత్తైన చట్రాన్ని, అలంకరించి భుజాలకు ఎత్తుకోవడం దగ్గర మొదలుపెట్టి, వరిచేల మధ్య నుంచి మోసుకెళ్లడం, గంగలకుర్రు ప్రభలు కౌశిక ఏటిలో దిగి అవతలి గట్టెక్కడం, మొసలపల్లి తోటలో ఏకాదశ రుద్రుల ప్రభలన్నీ ఒకచోట కొలువుతీరడం వరకు తీశాను. రా (RAW), జేపెగ్ అనే రెండు రకాల ఫైళ్లూ కలిపి ఒక్కో షాటు 30 ఎంబీకి పైనే ఉంటుంది. ప్రతి షాటు తరువాత వెనుక తెరపై బొమ్మ చక్కగానే కనిపించింది. చాలామంది మోసపోయేది సరిగ్గా ఇక్కడే కనుక కొంచెం వివరంగా చెబుతాను. షాటు తీసిన వెంటనే ఒకటి రెండు సెకన్లు కనిపించే ఆ బొమ్మ కార్డులో నుంచి చదివి చూపించేది కాదు. కెమెరా తన సొంత తాత్కాలిక మెమరీలో, అంటే బఫర్‌లో, ఉన్నదాన్ని చూపిస్తుంది. ఇంకా ఎన్ని ఫోటోలు పడతాయో చెప్పే అంకె కూడా కార్డు తన సైజు ఎంతని చెప్పుకుంటే దాన్నిబట్టి వేసిన లెక్కే. కార్డు 128 అంటే కెమెరా 128 అనే నమ్ముతుంది. కొలిచి చూసుకునే అలవాటు దానికి లేదు.

ఆ రాత్రి ప్లే బటన్ నొక్కి వెనక్కి చూసుకుంటే తెల్లవారుజాము ఫోటోలు బాగానే తెరుచుకున్నాయి. ప్రభ చేలల్లోకి దిగిన తరువాత ఒక ఫోటో సగం వరకే వచ్చి, ఆ కిందంతా బూడిదరంగు పట్టీగా ఉంది. అక్కడి నుంచి ప్రతిదానికీ బొమ్మ చూపలేమన్న సందేశమే. ఫైళ్ల పేర్లు వరుసగా ఉన్నాయి, తీసిన వేళలు ఉన్నాయి, సైజులు కూడా ఉన్నాయి. కౌశిక లేదు, తోట లేదు. కంప్యూటర్‌లో పెట్టి చూద్దామంటే నా దగ్గరున్న కార్డు రీడరు 32 జీబీ దాకా ఉండే ఎస్‌డీహెచ్‌సీ కార్డుల కాలం నాటిది కావడంతో, అంతకు మించిన ఎస్‌డీఎక్స్‌సీ కార్డును గుర్తించనే లేదు. అందువల్ల కొత్త రీడరు ఒకటి కొనాలి, కార్డు సంగతి కూడా తేల్చుకోవాలి అనుకుని, పొరపాటున కూడా దానిమీద ఏమీ రాయబడకుండా పక్కనున్న లాక్ మీటను కిందికి జరిపి, పండగ సందడి తగ్గాక రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్లాను.

అసలు చెప్పవలసింది ఇక్కడి నుంచి.

కౌంటరు దగ్గర మరో ముగ్గురు నలుగురు ఉన్నారు. విషయం చెప్పి, "ఇందులో ఫోటోలున్నాయి, దయచేసి ఏమీ చేయకండి, ముందు ఒక రీడరు ఇవ్వండి, నేను కాపీ చేసుకుంటాను" అని స్పష్టంగా అన్నాను. "ఆయ్, తెలుసండి" అంటూ కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "లాక్ చేసి తెచ్చారేంటండీ, ఇంకెలా వస్తాయి" అని బొటనవేలి గోటితో ఆ చిన్న మీటను పైకి తోశాడు. లాక్ వేసిన కార్డులో కొత్తగా రాయడం, తుడవడం కుదరదు గాని ఉన్నవి చూడటానికి ఏ అడ్డూ ఉండదని నేను చెప్పేలోపే కార్డు ల్యాప్‌టాప్‌లోకి వెళ్లిపోయింది. తెర ఆయన వైపు ఉంది. మౌస్ నొక్కిన చప్పుడు మాత్రం వినిపించింది. అందులో ఉన్నదంతా చెరిగిపోతుందని విండోస్ హెచ్చరిస్తుంది కదా, దానికి కూడా సరేనని నొక్కి, ల్యాప్‌టాప్‌ను నా వైపు తిప్పి, "చూడండి, 119 జీబీ ఖాళీ. ఎక్కడండీ ఫేకు?" అన్నాడు.

కార్డు ఫార్మాట్ అయిపోయిందని అర్థం కావడానికి నాకు కొంత సమయం పట్టింది. ఈలోగా ఆయన అంతటితో ఆగక, తన దగ్గరున్న ఏదో సినిమాను ఆ కార్డులోకి కాపీ చేసి, మధ్యలో నుంచి ఒక పాట పెట్టి, "బొమ్మాడుతుంది కదండీ, కార్డు సుబ్బరంగా ఉంది" అని కౌంటరు దగ్గర నిలబడ్డవాళ్ల వైపు చూసి నవ్వాడు. వాళ్లు కూడా నవ్వారు. నా ఫోటోల మాటేమిటని అడిగాను. "రావట్లేదనే కదండీ తెచ్చారు. రాని ఫోటోలు ఉంటే ఎంత, పోతే ఎంత?" అన్నాడు. ఈ మాట నేను కల్పించింది కాదు, అక్షరం మార్చలేదు. ఆ పైన, "మేస్టారూ, ముందు కెమెరా వాడటం నేర్చుకోండి, కార్డులు తరువాత కొందురు గాని" అని ఒక ఉచిత సలహా కూడా ప్రసాదించాడు. అంత దూరం ప్రయాణం చేసి, సాక్ష్యాన్ని స్వహస్తాలతో నిందితుడి చేతిలో పెట్టి వచ్చిన తెలివి నాది. ఆ మేరకు సలహా నాకు అవసరమేనేమో.

119 జీబీ చూపించడం కార్డు మంచిదనడానికి రుజువు కాదు. తయారీదారులు వెయ్యి లెక్కన కొలిస్తే విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది కనుక అసలైన 128 జీబీ కార్డు కూడా 119 గానే కనిపిస్తుంది. నకిలీ కార్డులో చిన్న చిప్పు పెట్టి, దాన్ని నడిపే కంట్రోలర్‌కు 128 అని చెప్పమని నేర్పుతారు. అడిగిన ప్రతివారికీ అది ఆ అంకె చెబుతూనే ఉంటుంది, అసలు చిప్పు నిండిన తరువాత ఇచ్చిన ఫైళ్లను తీసుకున్నట్టు నటించి పారేస్తుంది, కొన్ని కార్డులైతే పాత ఫైళ్ల మీదే రాసేస్తాయి. ఖాళీ చేసిన కార్డులో ఒక్క సినిమా పెడితే అది ఆడక ఏం చేస్తుంది? మొదటి కొన్ని జీబీలు నిజంగానే ఉన్నాయి కదా. ఆయన చేసిన పరీక్షలో ఓడిపోయే నకిలీ కార్డు ఈ భూమ్మీద ఉండదు.

ఇక లోపం కార్డుది కాదని నిరూపించడానికి ఆయన చెప్పిన కారణాలు వరుసగా వింటే, ఎవరినైనా నోరు మూయించడానికి అక్కడ ఒక పాఠం సిద్ధంగా ఉంటుందని తెలుస్తుంది. మొదట, లెన్స్ వెనుక ఉండే లోహపు కాంటాక్టులకు మురికి పట్టిందన్నాడు. వాటికి మురికి పడితే కెమెరాకూ లెన్స్‌కూ మధ్య సంబంధం తెగి, తెరపై ఎర్రర్ వస్తుంది, ఫోకస్ పనిచేయదు, ఒక్కోసారి షట్టరే పడదు; పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే సాధారణంగా సరిపోతుంది. తీసిన ఫోటోలో కింది సగం మాయం కావడానికీ దానికీ సంబంధం లేదు. తరువాత, బ్యాటరీ డూప్లికేట్ అయి ఉంటుందన్నాడు. కార్డులోకి రాస్తున్నట్టు చూపే దీపం వెలుగుతుండగా బ్యాటరీ చచ్చిపోతే ఆ ఒక్క ఫైలు పాడు కావచ్చు, ఖర్మ కాలితే కార్డులోని జాబితా చెదిరిపోయి అన్నీ కనిపించకుండా పోవచ్చు. ఒక గీత గీసినట్టు ఫలానా ఫోటో వరకు బాగుండి, ఆ తరువాతవన్నీ ఖాళీగా ఉండటం బ్యాటరీ చేసే పని కాదు.

చివరికి కోనసీమ తేమ మీదకు వచ్చాడు. మన వైపు తేమ నిజమే. వానాకాలంలో సంచిలోనే వదిలేసిన లెన్స్‌లో సాలెపోగుల్లాంటి బూజు పట్టడం మనలో చాలామందికి అనుభవమే, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచుకోవడం అందుకే. కార్డు కాంటాక్టులకు చిలుము పడితే కెమెరా కార్డే లేదంటుంది, అంతే తప్ప తేమ ఫోటోలను ఎంచుకుని తినదు. ఈ తేమ కబురు ఎందుకు ఎత్తాడో వెంటనే తెలిసింది: గాజు షెల్ఫులోని డ్రై బాక్స్ తీసి నా ముందు పెట్టాడు. నేను ఫిర్యాదు చేయడానికి వెళ్లానా, బేరానికి వెళ్లానా అని నాకే అనుమానం వచ్చింది.

లోపం ఎక్కడుందో తేల్చడానికి ఒకేసారి ఒక్కటే మార్చి చూడాలి. అదే కెమెరా, అదే లెన్స్, అదే బ్యాటరీతో నా పాత 32 జీబీ కార్డును అంచుదాకా నింపితే ఒక్క ఫోటో పోలేదు. ఈ మాట ఆయనకు చెబితే, "అయితే ఆ పాత కార్డే వాడుకోండి" అన్నాడు.

కార్డు వెనక్కి లాక్కుని, మళ్లీ లాక్ వేసి, రీడరు ఇంకోచోట కొనుక్కుని ఇంటికి వచ్చాను. విండోస్‌లో క్విక్ ఫార్మాట్ అన్నచోట టిక్కు ముందే పెట్టి ఉంటుంది, దాన్ని తీసేంత ఓపిక ఆయనకు లేకపోవడమే నా అదృష్టం. క్విక్ ఫార్మాట్‌లో పోయేది ఫైళ్ల జాబితానే, లోపలి ఫోటోలు వాటిమీద మరొకటి రాసేదాకా ఉంటాయి. టిక్కు తీసి పూర్తి ఫార్మాట్ చేసి ఉంటే మొత్తం సున్నాలతో నిండిపోయేది. ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో వెతికి, దొరికినవి కార్డులోకి కాకుండా కంప్యూటర్‌లోకి తీసుకున్నాను. ప్రభ బయలుదేరిన తరువాత చేలల్లో తీసిన కొన్ని, పేర్లు పోయినా, బొమ్మలు చెక్కుచెదరకుండా వచ్చాయి. చీకటి ఉండగా తీసిన అలంకరణ, మొదటిసారి భుజానికెత్తినప్పటి ఫోటోలు రాలేదు. కార్డు మొదట్లో ఉన్నవి అవే కనుక ఆయన సినిమా సరిగ్గా వాటిమీద కూర్చుంది. కౌశిక ఫోటోలను నకిలీ కార్డు ఎలాగూ దాచుకోలేదు. దాచుకున్నవాటిలో మంచివి దుకాణదారు తుడిచాడు. ఇద్దరూ కలిసి పని పంచుకున్నట్టు ఉంది.

అంతా తీసుకున్నాక హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం పెట్టాను. అది కార్డును పూర్తిగా నింపి, మళ్లీ చదివి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని పోల్చి చూస్తుంది. నిజంగా ఉన్నది 16 జీబీకి కొంచెం తక్కువ, మిగిలిందంతా గాలి అని తేలింది. ఆ ఫలితం తెర ఫోటో తీసి దుకాణానికి వాట్సాప్‌లో పంపితే రెండు నీలం టిక్కులు వచ్చాయి, జవాబు రాలేదు. ఫోన్ చేసి వినియోగదారుల కమిషన్‌కు వెళ్తానంటే "వెళ్లండి, బిల్లుందా?" అన్నాడు.

బిల్లు ఎందుకు ఇవ్వలేదో అప్పుడు బోధపడింది. అయితే ఆయనకు తెలియని సంగతి ఒకటుంది: 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మిన వస్తువుకు బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువేదీ రాయకపోతే, లోపమున్న సరుకును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోననడం కూడా అలాంటిదే. నేను ఫోన్‌లో డబ్బు పంపిన వివరం, వాట్సాప్ సంభాషణ, పరీక్ష ఫలితం అన్నీ భద్రంగా ఉన్నాయి. జాతీయ వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్‌కే వెళ్తాను. 5 లక్షల లోపు విలువకు అక్కడ ఫీజు కూడా లేదు. 900 రూపాయల కోసం ఇంత దూరమా అంటే, 900 రూపాయల కోసం కాదు. ఆ నవ్వు కోసం.

గంగలకుర్రు ప్రభలు కౌశిక దాటుతుండగా ఈ ఏడాది ఫోటోలు తీసినవారు ఎవరైనా ఉంటే, ఊళ్లోవాళ్లకు ఇవ్వడానికి కొన్ని పంపగలరని మనవి. మీ పేరుతోనే ఇస్తాను.

ఇక కొనేవారికి: బిల్లు లేకుండా కార్డు కొనవద్దు, సగం ధరకు అసలు కొనవద్దు, చెడిన కార్డును అందులోని ఫోటోలు కాపీ చేసుకోకుండా ఎవరి కౌంటరు మీదా పెట్టవద్దు. మాఘమాసంలో అంతర్వేది కల్యాణం ఉంది, పెళ్లిళ్లూ మొదలవుతాయి. కొత్త కార్డును పనికి తీసుకెళ్లేముందే పరీక్షించుకోండి, 128 జీబీకి రెండు మూడు గంటలు పడుతుంది. మ్యాక్, లినక్స్ వాడేవారికి ఎఫ్3 అనే ప్రోగ్రాం ఉంది. ఈ పండగకు అదే దుకాణంలో కొన్న కార్డు మీ దగ్గర ఉంటే మాత్రం, ముందు అందులోని ఫోటోలు కాపీ చేసుకుని ఆ తరువాతే పరీక్ష పెట్టండి. నకిలీదైతే పరీక్ష ఉన్న ఫోటోల మీదే రాసేయవచ్చు.