తాడు లాగే చాపర్‌తో ఫ్రూట్ సల్సా, మూడు నెలలు వాడాక రాస్తున్నా

ముందే చెప్పేస్తున్నా, ఈ చాపర్ నేను కొన్నది అచ్చంగా ఫ్రూట్ సల్సా కోసమే, అంటే పండు ముక్కల్లో ఉల్లి, మిర్చి, ఆకు, నిమ్మరసం కలిపి చేసేది. అట్టపెట్టె మీద ఫోటోలో మామిడి ముక్కలు, ఉల్లిపాయ ముక్కలు, కొత్తిమీర, అన్నీ స్కేలు పెట్టి కోసినట్టు గిన్నె నిండా తళతళలాడిపోతున్నాయి, అది చూసి పడిపోయా. కరెంటు అక్కర్లేదు, మూత మీద పిడి ఉంటుంది, అది పట్టుకుని తాడు లాగితే లోపల మూడు బ్లేడ్లు గిర్రున తిరుగుతాయి, వదిలితే తాడు దానంతటదే లోపలికి వెళ్ళిపోతుంది. నాది 650 మిల్లీలీటర్ల గిన్నె. ఇంతకంటే చిన్నది కొంటే ఒక పెద్ద మామిడిపండు ముక్కలు కూడా సరిగ్గా పట్టవు, కొనేవాళ్ళు ఆ సంగతి ముందు చూసుకోండి.

మొదటి రోజు ఏం చేశానంటే, బాగా పండిన మామిడిపండ్లు రెండు తొక్క తీసి, సగం ఉల్లిపాయ, ఒక పచ్చిమిరపకాయ, గుప్పెడు కొత్తిమీర, ఉప్పు, నిమ్మరసం అన్నీ ఒకేసారి పడేసి ఉన్న బలమంతా పెట్టి ఓ పదిహేనుసార్లు లాగా. మూత తీస్తే ఆకుపచ్చ చుక్కలున్న పసుపు నీళ్ళు. మా చెల్లి చెంచాతో ఎత్తి చూసి "అక్కా, ఇది సల్సానా జ్యూసా? గ్లాసులో పోసివ్వు, తాగేస్తా" అంది. నవ్వొచ్చింది కానీ రెండు మంచి పండ్లు పోయాయిగా, ఒళ్ళు మండింది కూడా.

తర్వాత అర్థమైంది ఏంటంటే, బ్లేడ్లు ఉన్నచోటే తిరుగుతాయి కాబట్టి అడుగున ఒకసారి తెగిన ముక్కనే మళ్ళీ మళ్ళీ కొడతాయి, పైన గోడకి అతుక్కున్న ముక్క మాత్రం పెళ్ళికొడుకులా అలాగే కూర్చుని ఉంటుంది. అందుకే ఒకే గిన్నెలో అడుగున గుజ్జు, పైన దుంగలు. పైగా నేను ఉప్పు ముందే వేశా, ఉప్పు తగిలితే పండు ముక్కలోంచి నీళ్ళు బయటికి వచ్చేస్తాయి, ఇక జ్యూస్ కాక ఏమవుతుంది. సల్సా అంటే స్పానిష్‌లో సాస్ అనే కదా, గుజ్జుగా ఉంటే నష్టమేంటి అని మీరు అనొచ్చు. నిజమే, గుజ్జుగా చేసే సల్సాలూ ఉన్నాయి. కానీ మెక్సికోలో పచ్చివి సన్నగా తరిగి కలిపే రకం ఒకటుంది, పీకో దె గాయో అంటారు, కోడిపుంజు ముక్కు అని అర్థం, అందులో ముక్క ముక్కలాగే ఉండాలి. మనం ఇంట్లో చేసుకునే ఫ్రూట్ సల్సా దానికి చుట్టం. నోట్లో పెట్టుకుంటే తీపి ఒకచోట, కారం ఒకచోట, ఆకు వాసన ఒకచోట తగలాలి, అన్నీ కలిసిపోతే ఆ మజా లేదు.

సరే, డబ్బులు పెట్టి కొన్నాం కదా అని పండు తర్వాత పండు వేసి చూశా. యాపిల్‌కి ఈ చాపర్ బ్రహ్మాండం, నాలుగు లాగులకి చక్కగా బఠాణీ సైజు ముక్కలు, కాకపోతే నిమ్మరసం వెంటనే కలపాలి, లేకపోతే చూస్తుండగానే గోధుమరంగుకి తిరుగుతుంది. పైనాపిల్ ఫర్వాలేదు, మూడు లాగులు, అంతకుమించి ఒక్కటి కూడా వద్దు, తర్వాత జల్లెడలో ఐదు నిమిషాలు ఉంచి నీళ్ళు కారనివ్వాలి. పైనాపిల్ కోశాక, ఆ మాటకొస్తే చెట్టు నుంచి తెంపాక ఇంక తియ్యబడదు, రంగు మారుతుందేమో గానీ తీపి పెరగదు, కాబట్టి కొనేటప్పుడే అడుగు భాగం వాసన చూసి తీసుకోండి. అది తింటే నాలుక చురచురలాడేది అందులో ఉండే బ్రొమెలైన్ అనే ఎంజైమ్ వల్ల, డబ్బాలో వచ్చే పైనాపిల్‌ని వేడి చేస్తారు కాబట్టి దానితో ఆ గొడవ ఉండదు. స్ట్రాబెర్రీ, కివీ, పీచ్, పుచ్చకాయ, ఇవి మాత్రం దీంట్లో వెయ్యకండి, చెప్తున్నాగా, వెయ్యకండి. మామిడికైతే కత్తే. బొటనవేలితో నొక్కితే కొంచెం లొంగాలి, వేలు దిగబడకూడదు, ఆ దశలో ఉన్న పండు తీసుకుని టెంక పక్కన చెంపలు రెండూ కోసి, తొక్క తెగకుండా లోపల అడ్డంగా నిలువుగా గీతలు పెట్టి, చెంప వెనక నుంచి నెడితే ముక్కలు విచ్చుకుని పైకి లేస్తాయి, చెంచాతో గీకేస్తే చాలు. దీనికి చాపర్ కడిగే టైమ్ కూడా పట్టదు.

ఇక ఆకుల సంగతి. నాకు అసలు కోపం వచ్చింది ఇక్కడే. కొత్తిమీర వేస్తే తడికి గోడకి అంటుకుపోయి సగం ఆకు అలాగే ఉంది, మిగతా సగం నలిగి ముదురు పచ్చగా ముద్దయింది. పుదీనా, బేసిల్ (మన తులసికి చుట్టం) అయితే ఇంకా ఘోరం, నలిగిన చోటల్లా పది నిమిషాల్లో నల్లబడ్డాయి, ఆకు కణాలు చితికితే లోపలున్న ఎంజైములకి గాలి తగిలి అలా అవుతుందట, యాపిల్ రంగు మారే లెక్కే ఇదీ. కాబట్టి ఆకులు కడిగాక తడి లేకుండా గుడ్డలో ఆరనిచ్చి, ఒకదాని మీద ఒకటి పేర్చి చుట్టలా చుట్టి, పదునైన కత్తితో ఒక్క కోత, అంతే, అదే పనిగా కసకసా కొట్టకూడదు. కొత్తిమీర లేత కాడలు పారేయకండి, వాసనంతా వాటిలోనూ ఉంటుంది, సన్నగా తరిగి వేస్తే కరకరలాడతాయి. మా ఆయనకి కొత్తిమీర అంటే సబ్బు నాకినట్టు ఉంటుందట, ఇన్నాళ్ళూ వేషాలు అనుకున్నా, తీరా చూస్తే కొంతమందికి వాసన పట్టే ఒక జీన్ తేడా వల్ల నిజంగానే అలా అనిపిస్తుందట. ఆయన గిన్నెలో పుదీనా, బేసిల్ వేస్తున్నా ఇప్పుడు, పైనాపిల్‌తో పుదీనా ఎంత బాగుంటుందో, కొత్తిమీర నచ్చేవాళ్ళు కూడా ఒకసారి చూడండి.

మరి చాపర్ దేనికి పనికొచ్చిందంటే ఉల్లిపాయకి, పచ్చిమిరపకాయకి. ఇందులో వంక పెట్టడానికి లేదు. నాలుగు చెక్కలు చేసి వేస్తే ఆరు లాగులకి సన్నటి ఉల్లితరుగు, మూత మూసి ఉంటుంది కాబట్టి తరిగేటప్పుడు కంట్లో చుక్క నీరు రాదు. మూత తీసేటప్పుడు మాత్రం మొహం దూరంగా పెట్టుకోండి, ఆ ఘాటంతా లోపల మీకోసమే కాచుకుని ఉంటుంది, నేను వంగి చూసి ఏడ్చా. ఆ తరుగుని పది నిమిషాలు చల్లటి నీళ్ళలో వేసి పిండేస్తే పచ్చి ఘాటు తగ్గి పండు రుచిని మింగెయ్యదు. మిరపకాయ కూడా చేతికి అంటకుండా అయిపోతుంది. అందరూ గింజల్ని తిడతారు గానీ కారం ఎక్కువ ఉండేది లోపలి తెల్లటి ఈనెలో, కారం వద్దనుకుంటే అది గీకెయ్యండి. ఎప్పుడైనా చేతికి అంటితే ఉత్త నీళ్ళకి పోదు, కాస్త నూనె రాసి తర్వాత సబ్బుతో కడగాలి.

ఇప్పుడు నేను చేసే పద్ధతి: రెండు కప్పుల పండు ముక్కలు కత్తితో, పావు కప్పు ఉల్లితరుగు, ఒక మిరపకాయ చాపర్‌లో, రెండు టేబుల్‌స్పూన్ల నిమ్మరసం, గుప్పెడు ఆకు. తినడానికి ఓ పావుగంట ముందు పావు టీస్పూన్ ఉప్పు వేసి గరిటెతో కాకుండా చేత్తో పైపైన కలుపుతా. అడుగున కొంచెం రసం ఊరుతుంది, అది ఉండాలి, పారబొయ్యకండి.

కడగడం దగ్గర ఒక చిరాకు. గిన్నె, బ్లేడు ఓకే, బ్లేడు జాగ్రత్త, నా చూపుడువేలు ఇప్పటికే ఒకసారి కోసుకుంది. మూతని మాత్రం నీళ్ళలో ముంచకూడదు, లోపల స్ప్రింగ్ ఉంటుంది. ఆ మాట పెట్టె అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో రాశారు, నేను చూసేసరికి నెలరోజులు ముంచి కడిగేశా. తాడు సగంలో ఆగిపోవడం మొదలైంది, బతిమాలితే గానీ లోపలికి పోదు. కంపెనీ వాళ్ళకి మెయిల్ పెడితే పెట్టె విప్పినప్పటి వీడియో పంపమన్నారు. మూడు నెలలు వాడిన చాపర్‌కి పెట్టె విప్పిన వీడియో ఎందుకో నాకైతే తెలీలేదు, మళ్ళీ మెయిల్ పెట్టలేదు. ఇంకోటి, ప్లాస్టిక్ గిన్నెకి ఉల్లి వాసన పట్టేసింది, మర్నాడు అందులో యాపిల్ వేస్తే యాపిల్ కూడా ఉల్లిపాయే. కాబట్టి ముందు పండు, ఆఖర్న ఉల్లిపాయ, ఆ వరస తప్పకండి.

రేటింగ్ అంటే ఉల్లి, మిర్చి వరకు ఐదుకి నాలుగున్నర, యాపిల్‌కి నాలుగు, మిగతా పండ్లకి ఒకటి, ఆకులకి సున్నా. సల్సా కోసమని కొనేవాళ్ళు ఆ డబ్బుతో ఒక మంచి కత్తి కొనుక్కోండి, ఉల్లిపాయలు రోజూ తరిగేవాళ్ళైతే తీసుకోవచ్చు. అన్నట్టు దీనితో పాటు గిన్నెకి బిగించే ఉత్త మూత ఒకటి విడిగా ఇచ్చారు, గట్టిగా పడుతుంది, సల్సా మిగిలితే అందులో వేసి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు బాగానే ఉంటోంది, బయట మాత్రం రెండు గంటలు మించి ఉంచకండి. మొన్న తాడు మొత్తానికే బిగుసుకుపోయింది, అప్పట్నుంచి మా ఇంట్లో అది సల్సా డబ్బా.