తామరకు ‘అన్నీ కలిసిన’ ట్యూబు ఇస్తారు, కొనకండి

గజ్జల్లో దురద అని మా తమ్ముడు మందుల దుకాణానికి వెళితే డాక్టరు చీటీ అడగలేదు. ఎక్కడ, ఎన్నాళ్ల నుంచి అని కూడా అడగలేదు. ‘ఇది అందరికీ పనిచేస్తుంది’ అంటూ చిన్న ట్యూబు చేతిలో పెట్టారు. రాసిన మర్నాటికే దురద పోయింది. అసలు మోసం అక్కడే ఉంది.

ట్యూబు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నది చదవండి: క్లోబెటసాల్ ప్రొపియోనేట్ 0.05 శాతం, దానితో ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్. క్లోబెటసాల్ చాలా తీవ్రమైన స్టెరాయిడ్. ఎరుపునూ దురదనూ అణిచేస్తుంది, ఫంగస్‌ను అడ్డుకోవలసిన చర్మపు శక్తినీ అణిచేస్తుంది. రాయడం ఆపగానే మంట, దురద ఎగదన్నుకొస్తాయి. మందు మానేసినందుకే ఇలా అయిందనుకుని మళ్లీ అదే కొంటాం. దుకాణానికి ఇంతకంటే మంచి బేరం ఏముంటుంది?

తమ్ముడికి ఆ తామర (చర్మానికి పట్టే ఫంగస్) తొడల మీదికి, నడుము చుట్టూ పాకింది. మామూలు తామర ఎర్రటి అంచుతో గుండ్రంగా ఉంటుంది. ఇతనికి వలయంలో వలయం, మధ్యలో పలచబడిన చర్మం, గజ్జల్లో చారలు. ఆ చారలు ఇక పూర్తిగా పోవట. చూసినవారిలో ఒకరు సోరియాసిస్ అన్నారు, మరొకరు ఎగ్జిమా అన్నారు. స్టెరాయిడ్ వల్ల ఇలా వేషం మార్చిన తామరను టీనియా ఇన్‌కాగ్నిటో అంటారని చివరికి చర్మవ్యాధుల డాక్టరుగారు చెప్పారు. ఆవిడ మచ్చ అంచున పొలుసులు గీకి, గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూశారు. కొమ్మలు వేసిన ఫంగస్ పోగులు కనిపించాయి. పరీక్ష అంతే!

ఫంగస్‌కు వాడే టెర్బినాఫిన్ మాత్రలు మీరే కొని మింగేద్దామనుకోకండి. మన దేశంలో బాగా వ్యాపించిన ట్రైకోఫైటాన్ ఇండోటినియే (2020లో పెట్టిన పేరు) అనే తామర ఫంగస్ చాలాసార్లు ఆ మందుకు లొంగదు. అప్పుడు ఇట్రాకొనజోల్ అనే మరో ఫంగస్ మందు వారాల తరబడి వాడవలసి రావచ్చు. గుండె, కాలేయ సమస్యలు ఉన్నవారికి అది ప్రమాదం, వేరే మందులతోనూ పేచీ పెడుతుంది.

ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే వాళ్లనూ చూపించండి; తువ్వాళ్లు ఎవరివి వారివే. వాడిన ట్యూబు పారేయకుండా డాక్టరుకు చూపించండి. బిల్లు తప్పకుండా అడగండి. చీటీ లేకుండా స్టెరాయిడ్ అమ్మారని డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు చేయాలంటే చేతిలో అది ఉండాలి. మాకు బిల్లు ఇవ్వనే లేదు.