13 ఏళ్లు, 4 ఎలుగులు: నా .44 మ్యాగ్నమ్ రివాల్వరూ, అందులో నేను మార్చిన తూటాలూ

మాది ఉద్దానం. జీడితోటల్లోకి ఎలుగు దిగిందని తెలిస్తే పిల్లలందరం బడి నుంచి గుంపుగా ఇంటికి రావాల్సిందే. దాన్ని తరమడానికి రేకు డబ్బా, కాగడా తప్ప ఊళ్లో ఎవరి చేతిలో ఏమీ ఉండేది కాదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అక్కడ ఎలుగుని చంపడం నేరం, ఉండాల్సిన చట్టమే. అలాంటి ఊళ్లో పుట్టి, అమెరికాలో లైసెన్సు తీసుకుని ఎలుగువేటకి వెళ్తున్నానంటే మా అమ్మ ఫోన్లో ఒకటే మాట: "పోయి పోయి దాని నోట్లోనే పడతావేట్రా?"

ఇక్కడి నల్ల ఎలుగు వేరే జాతి. మా ఊరి ఎలుగుకున్నంత కోపం దీనికి లేదు. మనిషి వాసన తగిలితే చాలు, సాధారణంగా పక్కకి తప్పుకుంటుంది. నేనుండేది న్యూహాంప్‌షైర్‌లో. ఏటా ఆగస్టు చివర్లో మెయిన్ రాష్ట్రం ఉత్తరాదికి వెళ్తాను. అక్కడ ఎర పెట్టి వేటాడటానికి అనుమతి ఉంది. దాన్ని ఆపాలని 2004లో ఒకసారి, 2014లో ఒకసారి జనం ముందు ఓటుకి పెట్టారు, రెండుసార్లూ వీగిపోయింది.

2012లో కొన్నాను ఈ రివాల్వర్. రూగర్ సూపర్ రెడ్‌హాక్, ఏడున్నర అంగుళాల గొట్టం, ఆరు గదులు. ఒట్టి తుపాకే కిలోన్నర ఉంటుంది. నడుముకి కడితే ప్యాంటు జారుతుంది కాబట్టి రొమ్ము మీద కట్టుకునే తోలు ఒర కొన్నాను. తుపాకి గురించి ఇంతకంటే చెప్పడానికి పెద్దగా లేదు, ఇన్నేళ్లలో ఒక్కసారి స్ప్రింగు మార్చాను. చెప్పాల్సిందంతా తూటా గురించే.

మొదట్లో 240 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) హాలో పాయింట్, అంటే మూతిలో గుంట ఉన్న తూటా వాడాను. సెకనుకి 1,350 అడుగుల వేగం, ఒంట్లోకి దిగగానే పుట్టగొడుగులా విచ్చుకునే రకం. రేంజిలో నీళ్ల డబ్బా మీద కొడితే బ్రహ్మాండంగా పేలేది. డబ్బాకి ఎముక ఉండదని అప్పట్లో బుర్రకి తట్టలేదు.

2013లో, చీకటి పడటానికి పావుగంట ముందు, ఓ మగ ఎలుగు వచ్చింది. కాస్త నావైపుకి తిరిగి, ఏటవాలుగా నిలబడింది. అది పక్కకి తిరిగేదాకా ఆగాల్సింది. చేతులు ఆగలేదు. దెబ్బ తగలగానే ఒక్క ఉరుకు, అంతే, పొదల్లో మాయం. టార్చితో వెతికితే 60 గజాల దాకా ఒక్క రక్తపు చుక్క లేదు. తగిలిందా లేదా అనే అనుమానం వచ్చింది. గైడు రాత్రి 11కి గొలుసు కట్టిన జాడకుక్కని తెప్పించాడు. అదీ బురదలో జాడ వదిలేసింది. పొద్దున్న 7కి, 400 గజాల అవతల దేవదారు చిత్తడిలో దొరికింది. ఆగస్టు ఉక్కకి పొట్ట ఉబ్బి, చెయ్యి వేయగానే బొచ్చు ఊడి వచ్చేస్తోంది. ఆ మాంసం పనికిరాదని చూడగానే తెలిసిపోయింది.

తోలు వలిచాక అసలు సంగతి తెలిసింది. తూటా జబ్బ ఎముకకి తగిలి, అక్కడే పూర్తిగా విచ్చుకుని, ఒక ఊపిరితిత్తిలో ఆగిపోయింది. అవతలి పక్క కన్నం లేదు. ఇవతలి కన్నాన్ని కొవ్వు మూసేసింది. కారిన కాస్త రక్తాన్నీ ఆ పొడుగాటి బొచ్చు స్పాంజిలా పీల్చేసింది. తప్పు తూటాది సగం, నాది సగం. నిజం చెప్పాలంటే నాదే ముప్పావు.

ఆ మరుసటి ఏడు నుంచి 300 గ్రెయిన్ల హార్డ్‌కాస్ట్‌కి మారాను. గట్టి సీసపు మిశ్రమం, మూతి వెడల్పుగా, చదునుగా ఉంటుంది. వేగం 1,200 అడుగులే. లెక్క వేస్తే రెండిటి శక్తీ దాదాపు ఒకటే: మొదటిది 970 ఫుట్-పౌండ్లు, రెండోది 960. పెట్టె మీద అంకె చూసి కొనేవాళ్లు ఈ రెండు సంఖ్యల్నీ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఒకటి జబ్బలో ఆగిపోయింది. రెండోది నేను కొట్టిన తర్వాతి మూడు ఎలుగుల్లోనూ ఇటు దూరి అటు బయటపడింది. మూడిట్లో ఎక్కువ దూరం పోయింది 70 గజాలు. మంచె మీద నుంచి కిందికి కొడతాం కాబట్టి అవతలి కన్నం కిందివైపు పడుతుంది, రక్తం అందులోంచే కారుతుంది. నాకు కావాల్సింది ఆ రెండో కన్నమే.

ఇక తంటాల సంగతి. ఈ తూటా గాడిదలా తంతుంది. రెండో సీజనుకే నాకు తెలియకుండా భయం పట్టుకుంది. ఒకసారి మా స్నేహితుడు గదుల్లో తూటాల మధ్య కొన్ని ఖాళీ ఇత్తడి తొడుగులు కలిపి, నాకు చూపించకుండా సిలిండర్ మూసి ఇచ్చాడు. ఖాళీ తొడుగు వచ్చినప్పుడల్లా పేలకముందే గొట్టం మూతి కిందికి వంగుతోంది! సిగ్గేసింది. అప్పటి నుంచి సాధన ఎక్కువగా తక్కువ శక్తి ఉన్న .44 స్పెషల్ తూటాతోనే. అదే తుపాకిలో పడుతుంది, వేగం 750 అడుగుల చుట్టూ, చంటిపిల్లాడు తన్నినట్టు ఉంటుంది. ఒకటే చిక్కు, స్పెషల్ తొడుగు పొట్టిది కాబట్టి గది లోపల మసి ఉంగరంలా పేరుకుంటుంది, తర్వాత మ్యాగ్నమ్ తొడుగులు ఇరుక్కుంటాయి. వేటకి ముందు ఇత్తడి బ్రష్షుతో తోమి తీరాలి.

ఇంకొకటి. సొంతంగా నింపుకున్న తూటాల్లో, సీసాన్ని పట్టి ఉంచే తొడుగు అంచుని సరిగ్గా నొక్కలేదు నేను. అయిదు పేల్చేసరికి ఆరోదాని సీసం తన్నుడికి ముందుకి జరిగి, సిలిండర్ తిరగనని మొరాయించింది. రేంజిలో జరిగింది కాబట్టి సరిపోయింది. ఇప్పుడు కొత్త పెట్టె ఏది తెరిచినా అయిదు పేల్చి ఆరోదాని పొడుగు కొలుస్తాను. చెవులకి ఇయర్‌మఫ్ పెట్టకుండా ఒక్కటి కూడా పేల్చొద్దు, మంచె మీదైనా సరే.

గురి ఎక్కడ పెట్టాలన్నది మాటల్లో తేలిక. పక్కకి తిరిగిన ఎలుగు, నావైపు ముందుకాలు ఒక అడుగు ముందుకి వేసి ఉండాలి. ఆ కాలి వెనక అంచు పట్టుకుని పైకి వెళ్తూ, ఒంటి ఎత్తులో సగానికి కాస్త కింద. అక్కడ రెండు ఊపిరితిత్తులూ తగులుతాయి. శరత్కాలానికి పొట్ట కింద బొచ్చు బాగా వేలాడుతుంది, అది చూసి మరీ కిందికి పెడితే తూటా బొచ్చులోంచి పోతుంది. కొంచెం అవతలికి తిరిగి ఉంటే ఇంకా మంచిది, అప్పుడు అవతలి జబ్బని ఊహించుకుని దానికి గురి పెడతాను. ఎదురుగా నిలబడితే పేల్చను. తలకి అసలే పేల్చను, పుర్రె వాలుగా ఉంటుంది, మెదడు చిన్నది. వెనక పిల్లలున్నాయేమోనని చెట్ల అంచుకేసి అయిదు నిమిషాలు చూస్తాను, ఈలోపు అది వెళ్లిపోయినా ఫర్వాలేదు.

గైడుతో ముందే చెప్పి ఎర డ్రమ్ముని 20 గజాల్లో పెట్టిస్తాను. 55 గ్యాలన్ల డ్రమ్ము దాదాపు 35 అంగుళాల ఎత్తు ఉంటుంది, పక్కన నిలబడ్డ ఎలుగు సైజు దానితో పోల్చుకుంటే తెలిసిపోతుంది. నా హద్దు ఎలా కట్టుకున్నానంటే, టిఫిన్ ప్లేటంత కాగితం పెట్టి, కూర్చుని, ఆరుకి ఆరు అందులో పడేంత దూరం. మంచిరోజున అది 45 గజాలు. చేతులు వణికే సాయంత్రానికి 30 అనుకుంటాను.

ఇంతకంటే చిన్న .357 మ్యాగ్నమ్ సరిపోదా అని చాలామంది అడుగుతారు. 180 గ్రెయిన్ల గట్టి తూటాతో, దగ్గరగా, పక్కకి తిరిగిన ఎలుగు మీద సరిపోతుంది. కోణం కొంచెం మారినా నాకు ధైర్యం చాలదు. ఇంకా శక్తి ఎక్కువున్న .454 కసూల్ ఒకసారి పేల్చాను, మణికట్టు మీద విరక్తి ఉన్నవాళ్లకి అది. హెచ్1బీ మీద ఉన్న తమ్ముళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి దగ్గరుంచుకోవడం మామూలుగా నిషేధం, వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. కొనేముందు లాయరుని అడగండి.

మాంసం గురించి మా ఆవిడ చెప్పమన్న ముక్క. ఎలుగు మాంసంలో ట్రైకినెల్లా పురుగు ఉండొచ్చు, ఫ్రీజర్‌లో పెడితే చావని రకం కూడా ఉంది. 71 డిగ్రీల సెల్సియస్ దాటాలి. మనింట్లో ఎలాగూ కుక్కర్లో ఉడికించి ఆ తర్వాత గోంగూరతో వేపుతాం కాబట్టి ఇబ్బంది లేదు, అయినా ఆవిడ థర్మామీటర్ గుచ్చకుండా ముక్క ముట్టుకోనివ్వదు.

నిరుడు గొట్టం మూతి మీదుండే సైటు (గురి చూసే ముల్లు) మసకబారడం మొదలైంది. తుపాకి పాతబడలేదు, నా కళ్లు 52 దాటాయి. ఈ మోడల్ ఫ్రేము మీదే రింగులు బిగించే గంట్లు ఉంటాయి, వాటిలో రెడ్ డాట్ (అద్దంలో ఎర్ర చుక్క కనిపించే సైటు) పెట్టించాను. మొన్న ఆదివారం 25 గజాల్లో ఆరుకి అయిదే ప్లేటులో పడ్డాయి. ఆగస్టుకి ఇంకా ఏడు వారాలుంది.