లూసర్న్‌లోని బూర్బాకీ పనోరమా: పోరు కనిపించని యుద్ధచిత్రం

స్విట్జర్లాండ్ యాత్రకు వెళ్లే మనవారు లూసర్న్‌లో చెక్క వంతెన, రాతి సింహం చూసి కొండ రైలెక్కుతారు. ఆ సింహానికి కూతవేటు దూరంలోనే ఉన్న బూర్బాకీ పనోరమా మా టూరు జాబితాలో కూడా లేదు. గడియారాలు కొనుక్కోవడానికి వదిలిన రెండు గంటలను నేను అక్కడ గడిపాను.

లోపల ఉన్నది ఒకే ఒక చిత్రం. స్విస్ చిత్రకారుడు ఎదువార్ కాస్త్ర్, ఆయన సహాయకులు 1881లో జెనీవాలో గీసిన ఈ తైలవర్ణ చిత్రం సుమారు 112 మీటర్ల పొడవున, 10 మీటర్ల ఎత్తున మన చుట్టూ తిరిగి తన మొదటి అంచునే వచ్చి కలుస్తుంది. 1871 ఫిబ్రవరిలో, నాటి జర్మన్ రాజ్యమైన ప్రష్యాతో యుద్ధంలో ఓడి, చలికీ ఆకలికీ చిక్కిన, జనరల్ బూర్బాకీ సేనకు చెందిన ఫ్రెంచి సైనికులు దాదాపు 87,000 మంది స్విస్ సరిహద్దు దాటి ఆశ్రయం పొందినప్పుడు, లె వెర్రియేర్ గ్రామం దగ్గర కనబడిన దృశ్యం ఇది.

మధ్యలోని వేదిక మీద నిలబడితే, తలపైనున్న కప్పు చిత్రం పై అంచును దాచేస్తుంది. కింది అంచును కృత్రిమ మంచునేల, నిలువెత్తు బొమ్మలు కప్పేస్తాయి. అంచు కనబడనందువల్ల కంటికి కొలత దొరకదు, బొమ్మ ఎక్కడ ఆగిందో, చిత్రం గీసిన గుడ్డ ఎక్కడ మొదలైందో తేల్చుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది. గోడల మీద ప్రొజెక్టర్లతో రంగులు పారించే నేటి ప్రదర్శనలు నేను చూశాను. కదలకుండా నిలిచిన ఈ మంచు ముందు అవి నాకు తేలిపోయాయి.

యుద్ధం మీద ఇలాంటి ప్రదర్శన తలపెట్టేవారు ముందుగా గమనించవలసింది, చూపరిని ఎక్కడ నిలబెట్టారన్న సంగతి. కాస్త్ర్ ఆ యుద్ధంలో రెడ్‌క్రాస్ స్వచ్ఛంద సేవకుడిగా పనిచేశారు, చిత్రంలో రెడ్‌క్రాస్ బండి వెంట నడుస్తున్నది ఆయనే. అందుకే ఇక్కడ గెలిచిన సేనాపతి గుట్ట ఎక్కి చూసే చూపు లేదు. కుప్పపోసిన తుపాకులు, తలలు వాల్చి నడిచే వరుసలు, మంచులో కూలిన గుర్రాలు మన కంటి ఎదుటే ఉంటాయి. సహాయకుల్లో ఒకరైన ఫెర్డినాండ్ హోడ్లర్ తరువాతి కాలంలో స్విస్ చిత్రకళలో పెద్ద పేరు తెచ్చుకున్నారు.

చిత్రం మాత్రం పూర్తిగా మిగలలేదు. మొదట దాదాపు 14 మీటర్లున్న ఎత్తు, గత శతాబ్దంలో ఆ భవనంలోకి మోటారు గ్యారేజీ వచ్చిన కాలంలో తగ్గిపోయింది. ఆ కోత ఎక్కువగా ఆకాశానికే తగిలిందన్నది కొంత ఊరట, అయినా ఆ విశాలమైన బూడిదరంగు ఇంకా పైకి సాగి ఉంటే ఆ సైన్యం మరింత దిక్కులేనిదిగా కనబడేదనిపించింది.

కనీసం గంట కేటాయించండి, ఒక చుట్టు తిరిగాక మరో చుట్టు తప్పకుండా తిరగండి. నెత్తురు అంతగా కనబడదు కనుక పిల్లలను తీసుకువెళ్లవచ్చు, కానీ ప్రశ్నలకు సిద్ధపడి వెళ్లండి: నా పక్కన నిలబడిన చిన్నపిల్ల సైనికులను వదిలేసి, ఆ గుర్రం ఎప్పుడు లేస్తుందని తండ్రిని మూడుసార్లు అడిగింది.