ముందు మన కోరికలా, ముందు దేవుడా? బెంగళూరులో ఉద్యోగం చేసే మన పిల్లలకి

మారతహళ్లి పీజీల్లో ఉండే మన తెలుగు పిల్లలకి జీతం పడగానే వచ్చే డౌట్ ఇదే, అందుకే రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఖర్చు: కోరికల వైపు ఐతే ఐఫోన్ ఈఎంఐ, ఇందిరానగర్‌లో వీకెండ్ పార్టీ, ఫ్రెండ్ కొన్నాడని మనకీ ఒక కారు (సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో కూర్చోడానికే అనుకోండి).
దేవుడి వైపు ఫ్రీ ఏం కాదు, దశమభాగం (జీతంలో పదో వంతు చర్చికి ఇవ్వడం) ఉంటుంది, కొన్ని ఫ్రెండ్‌షిప్‌లు పోతాయి, ఆఫీసులో "పాస్టర్ గారొచ్చారు" అని ఏడిపిస్తారు.

శ్రమ: కార్డు గీకడం ఈజీ, బిల్లు కట్టడమే కష్టం. నైట్ షిఫ్ట్ చేసొచ్చి ఆదివారం ఆరాధనకి లేవడం మాత్రం ముందే కష్టం.

రిస్క్: ఇక్కడే అసలు విషయం ఉంది. బైబిల్లో లూకా 12లో యేసు చెప్పిన కథలో ధనవంతుడు ధాన్యం కొట్లు పడగొట్టి పెద్దవి కట్టిద్దామనుకున్నాడు, ఆ రాత్రే దేవుడు ప్రాణం అడిగేశాడు. దేమా ఐతే అపొస్తలుడైన పౌలుతో కలిసి పనిచేసినవాడే, ఐనా లోకం మీద ప్రేమతో ఆయన్ని వదిలేసి థెస్సలొనీకకి వెళ్లిపోయాడు (2 తిమోతి 4:10), కాబట్టి చర్చికి వెళ్తున్నాం కదా సేఫ్ అనుకోకండి. ఇటువైపు కూడా ప్రమోషన్ గ్యారంటీ లేదండోయ్, "ముందు దేవుని రాజ్యాన్ని వెదకండి, అప్పుడు అవన్నీ మీకు దొరుకుతాయి" అనే మత్తయి 6:33కి ముందున్న వచనాలు చదవండి, అక్కడ మాట్లాడేది తిండీ బట్టా గురించి, ప్యాకేజీ గురించి కాదు.

ఎవరికి ఏది: ఇంటి అప్పు తీర్చాలనో అమ్మ మందులకో ఆదివారం ఓవర్‌టైమ్ చేస్తుంటే గిల్టీ అవ్వకండి, ఇంటివాళ్లని చూసుకోమని 1 తిమోతి 5:8లోనే ఉంది, వారంలో ఇంకో రోజు కూడికకి (ప్రార్థన కోసం అందరూ కలిసే చోటికి) వెళ్లండి. పక్కోడి కారు చూసి చేస్తుంటే మాత్రం ఆ ఆదివారం షిఫ్ట్ వదిలేయండి.